కుసుమ: ఏ భాగంలో ఏ మందు, ఎవరికి పనికొస్తుంది, ఎవరికి పనికిరాదు

ఉత్తరాంధ్రలో కుసుమ మొక్కను నూనె ప్యాకెట్ మీద బొమ్మలో చూసినవాళ్ళే ఎక్కువ. మన మెట్ట చేలల్లో నువ్వులు, వేరుశనగ, చోడి, గోగు పండుతాయి గానీ కుసుమ కనబడదు. దాని సొంతూరు వికారాబాద్, తాండూరు వైపు నేలలు, రాయలసీమ నల్లరేగళ్ళు, మహారాష్ట్ర, ఉత్తర కర్ణాటక. అందుకే విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో అది మనకు మొక్కగా కాకుండా మూడు సరుకులుగా దొరుకుతుంది. మూలికల కొట్టులో ఎండు రేకలు, చిలకల మేత అమ్మేచోట గింజలు, కిరాణా కొట్టులో నూనె.

మూడూ ఒకే మొక్కవి. కానీ రేకల్లో ఉన్నవి రంగు పదార్థాలు, గింజలో ఉన్నవి చేదు పదార్థాలు, నూనెలో ఉన్నవి కొవ్వు ఆమ్లాలు. ఒకదాని గుణం ఇంకొకదానికి అంటగట్టడం దగ్గరే గొడవంతా మొదలవుతుంది. "కుసుమ గుండెకు మంచిదట" అని ఎవరైనా అంటే ముందు "ఏ భాగం?" అని అడగండి.

శాస్త్రీయ నామం కార్తమస్ టింక్టోరియస్. సంస్కృతంలో కుసుంభం. బంతి, చేమంతి, పొద్దుతిరుగుడుల కుటుంబమైన ఆస్టరేసీకి చెందినది. ఈ కుటుంబం పేరు గుర్తుంచుకోండి, ఎలర్జీల సంగతి వచ్చినప్పుడు పనికొస్తుంది.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది కుసుమో కుంకుమపువ్వో తేల్చుకోవడం

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. మన ఇళ్ళలో కడుపుతో ఉన్న అమ్మాయికి పాలల్లో కుంకుమపువ్వు వేసి ఇవ్వడం అలవాటు. బిడ్డ తెల్లగా పుడుతుందన్నది ఉత్త నమ్మకమే, దానికి ఆధారం లేదు. అసలు ప్రమాదం వేరే ఉంది. నిజమైన కుంకుమపువ్వు గ్రాము వందల రూపాయలు. అదే పేరుతో చవగ్గా దొరికే ఎర్రటి పోగులు చాలాసార్లు కుసుమ రేకలే. గర్భిణులు తినకూడని మూలికల్లో కుసుమ రేకలు ముందు వరసలో ఉంటాయి. ఆగిన ముట్టు రావడానికి, గర్భాశయాన్ని కదిలించడానికి పాత వైద్యాల్లో వాడిన మందు అది. అంటే బిడ్డ మంచి కోసమని పాలల్లో కలిపేది, సరిగ్గా ఆ సమయంలో ఇవ్వకూడని వస్తువు కావచ్చు. సీమంతానికి వచ్చిన ఏ పెద్దమ్మో పొట్లం చూసి "ఏటమ్మా, ఇంత సవగ్గా ఎలాగొచ్చీసింది కుంకంపువ్వు?" అని అడిగితే ఆవిడ మాట కొట్టిపారెయ్యకండి.

పరీక్ష సులువే. తెల్ల పింగాణీ పళ్ళెంలో గోరువెచ్చని నీళ్ళు పోసి నాలుగైదు పోగులు వెయ్యండి. పది నిమిషాలు నాననిచ్చి గుండుసూదితో మెల్లగా విడదీయండి. భూతద్దం ఉంటే ఇంకా మంచిది. కుంకుమపువ్వు పోగు ఒక కొన సన్నగా మొదలై రెండో కొనకు వచ్చేసరికి సన్నాయి మూతిలా వెడల్పవుతుంది, అంచు కాస్త చిరిగినట్టు ఉంటుంది. కుసుమ రేక అలా కాదు. అది సన్నటి గొట్టం. పైభాగంలో అయిదు సన్నని పాయలుగా చీలుతుంది, వాటి మధ్యలోంచి పసుపుపచ్చని కేసరాల గొట్టం పొడుచుకొస్తుంది. ఎండినప్పుడు ముడుచుకుపోయి రెండూ ఒకేలా కనబడినా, తడి తగిలాక కుసుమ తన అయిదు పాయలనీ విప్పుతుంది. పొడి కొంటే ఈ పరీక్ష కుదరదు కాబట్టి కుంకుమపువ్వు పొడి అసలు కొనకండి.

రెండో మెట్టు: పసుపునీ ఎరుపునీ వేరుచేసి కళ్ళతో చూడడం

కుసుమ రేకల రసాయనం అర్థం కావాలంటే పుస్తకంకన్నా వంటింటి గిన్నె మంచి గురువు. ఇది తాగే తయారీ కాదు, చూసి తెలుసుకునే పని.

కావలసినవి: పది గ్రాముల ఎండు రేకలు, పల్చటి నూలు గుడ్డ, చల్లటి నీళ్ళు, బట్టల సోడా (డిటర్జెంట్ పొడి కాదు, వంట సోడా కూడా కాదు), రెండు నిమ్మకాయలు, గంజి లేని తెల్ల నూలు ముక్క, చేతులకు తొడుగులు. పొందూరు ఖద్దరు ముక్క ఏదైనా ఇంట్లో ఉంటే అంతకంటే మంచిది లేదు. వాలుగ చేప దవడ ఎముకతో దూది ఏకి వడికిన ఆ సన్న నూలు మీద రంగు ఎలా పడుతుందో చూడడం ఒక ముచ్చట.

రేకల్ని గుడ్డలో వదులుగా మూటకట్టి చల్లటి నీళ్ళలో ముంచి పిసకండి. వెంటనే చిక్కటి పసుపు దిగుతుంది. నీళ్ళు మారుస్తూ, ఇక పసుపు రానంతవరకు పిసుకుతూ ఉండండి. ఆఖరి రెండు కడుగుళ్ళలో కాస్త నిమ్మరసం పిండితే ఎరుపు జారిపోకుండా ఉంటుంది. ఇక్కడే ఒక కల్తీ కూడా బయటపడుతుంది. కుసుమలోని సహజమైన ఎరుపు మామూలు చన్నీళ్ళలో దాదాపు కరగదు. మొదటి ముంపులోనే నీళ్ళు గులాబీగానో ఎర్రగానో మారితే ఆ రేకలకు పైనుంచి రంగు వేశారన్నమాట, అవతల పారెయ్యండి.

ఇప్పుడు అర లీటరు చల్లటి నీళ్ళలో ఒక చెంచా బట్టల సోడా కరిగించి, పసుపు వదిలిన మూటను అందులో అరగంట నానబెట్టి పిసకండి. వేడినీళ్ళు వద్దు, ఎరుపు పాడైపోతుంది. నీళ్ళు మురికి టీ రంగులోకి వస్తాయి, చూడ్డానికి ఏమీ బాగుండదు. మూట తీసేసి నూలు ముక్క ముంచి, నిమ్మరసం కొంచెం కొంచెంగా పొయ్యండి. బుసబుసమని నురగ వస్తుంది. నురగ తగ్గేసరికి గోధుమరంగు నీళ్ళు ఎర్రబడతాయి. అరగంటకు గుడ్డ గులాబీ రంగు పట్టుకుంటుంది. పటిక లాంటిదేదీ అక్కరలేకుండానే నూలుకు అతుక్కునే రంగు ఇది.

ఇప్పుడు లోపల జరిగినది చూద్దాం. ఎరుపు పేరు కార్తమిన్. రేకల బరువులో ఒక శాతం కూడా ఉండదు. క్షారంలో కరుగుతుంది, ఆమ్లం తగలగానే నీళ్ళను వదిలి నూలును పట్టుకుంటుంది. దీన్ని 1910లో కమెటాకా, పెర్కిన్ అనే రసాయన శాస్త్రవేత్తలు వేరుచేశారు. పువ్వు విచ్చినప్పుడు పసుపుగానే ఉంటుంది. పువ్వు వాడిపోయేకొద్దీ ప్రికార్తమిన్ అనే పసుపు పదార్థం ఆక్సీకరణ చెంది కార్తమిన్‌గా మారుతుంది, అందుకే వాడిన కుసుమ ఎర్రబడుతుంది.

నీళ్ళలో దిగిన పసుపుకు వద్దాం. రంగు వేసేవాళ్ళు పారబోసేది దాన్నే, వైద్యులు కోరేదీ దాన్నే. ఇందులో ప్రధానమైనది హైడ్రాక్సీ సాఫ్లోర్ ఎల్లో ఏ. దీన్నీ కార్తమిన్‌నీ కలిపి క్వినోచాల్కోన్‌లు అంటారు. చక్కెర అణువు కార్బన్‌కే నేరుగా అతుక్కున్న ఈ జాతి పదార్థాలకు కుసుమే పెట్టింది పేరు. వీటితోపాటు కెంఫెరాల్, క్వెర్సెటిన్, లూటియోలిన్ లాంటి ఫ్లేవనాయిడ్లు కూడా రేకల్లో ఉంటాయి. చైనా వైద్యంలో ఈ రేకల పేరు హోంగ్ హువా, అంటే ఎర్ర పువ్వు. పేరు ఎరుపుదే అయినా, నాణ్యత తూచేటప్పుడు ఆ దేశపు ఔషధ ప్రమాణ గ్రంథం శాతాల్లో కొలిచేది మాత్రం పసుపును: హైడ్రాక్సీ సాఫ్లోర్ ఎల్లో ఏ కనీసం 1.0 శాతం, కెంఫెరాల్ కనీసం 0.05 శాతం ఉండాలి.

మూడో మెట్టు: రేకల కషాయం, దాని హద్దులు

ప్రయోగశాలలో ఈ పసుపు పదార్థం రక్తం గడ్డకట్టించే రక్తఫలకికలు (ప్లేట్‌లెట్లు) గుమికూడడాన్ని తగ్గిస్తుంది, వాపును తగ్గిస్తుంది, రక్తం అందని మెదడు కణజాలాన్ని కొంత కాపాడుతుంది. ఇవన్నీ ఎక్కువగా జంతువుల మీద, కణాల మీద చూసిన ఫలితాలు. చైనాలో దీన్ని ఇంజెక్షన్‌గా గుండె జబ్బుల్లో వాడుతున్నారు. ఇంజెక్షన్ ఎందుకంటే నోటి ద్వారా తీసుకుంటే పేగుల నుంచి రక్తంలోకి చేరేది చాలా కొద్ది. ఈ ఒక్క సంగతి తెలిస్తే "కుసుమ టీతో గుండె నాళాల్లో పూడికలు కరిగిపోతాయి" అనే వాట్సాప్ సందేశానికి జవాబు దొరికినట్టే. సూదిమందుకు వచ్చిన ఫలితాన్ని కప్పు టీకి రాసుకోవడం కుదరదు.

ఆరోగ్యంగా ఉండి, రుచికోసం అప్పుడప్పుడు తాగాలనుకునేవారు ఒక గ్రాము రేకలు, అంటే వదులుగా ఒక చిన్న చెంచాడు, గ్లాసుడు వేడినీళ్ళలో వేసి మూతపెట్టి అయిదు నుంచి పది నిమిషాలు ఉంచి వడకట్టుకోండి. పొయ్యిమీద పెట్టి తెగ మరిగించకండి, పసుపు పదార్థం ఎక్కువ వేడికి విరిగిపోతుంది. కాస్త గడ్డివాసన, చివర్లో చిరుచేదు ఉంటాయి. బెల్లం వేస్తే బాగుంటుంది. చైనా వైద్యులు రాసే మోతాదు రోజుకు 3 నుంచి 10 గ్రాములు. అది రోగిని చూసి రాసే లెక్క, ఇంట్లో అనుకరించేది కాదు.

నాలుగో మెట్టు: ఎవరు ముట్టుకోకూడదు

గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవారు రేకల జోలికి పోవద్దు. కడుపుతో ఉన్న ఎలుకలకు ఎక్కువ మోతాదులో ఇచ్చిన ప్రయోగాల్లో పిండాలకు హాని కనబడింది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువయ్యేవారికి, కడుపులో పుండు ఉన్నవారికి కూడా వద్దు.

గుండె కవాటం మార్పిడి అయి వార్ఫరిన్, ఎసిట్రోమ్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటున్నవారు, స్టెంట్ పడి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ మీద ఉన్నవారు దీన్ని అస్సలు కలపకూడదు. గుండె జబ్బు ఉన్నవాళ్ళే "గుండెకు మంచిది" అన్న మాట విని దీనివైపు వస్తారు, ప్రమాదం ఎక్కువగా ఉండేదీ వాళ్ళకే. ఆపరేషన్ తేదీ ఖాయమైతే కనీసం రెండు వారాల ముందే మానేసి, వాడిన సంగతి మత్తు డాక్టరుకు చెప్పండి.

ఎలర్జీ సంగతి. మన ఊళ్ళ గట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ కూడా ఆస్టరేసీయే. దాని పుప్పొడికి తుమ్ములు, దద్దుర్లు, ఆయాసం వచ్చేవారికి కుసుమ కూడా పడకపోవచ్చు. బంతిపూల దండ గుచ్చితే చేతులు దురదపెట్టేవారికీ అంతే.

ఉద్దానం వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళలో ఉందో అందరికీ తెలుసు. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష లెక్క) పెరిగిన మనిషికి "పువ్వే కదా, ఏం చేస్తుంది" అని ఏ మూలికా కషాయమూ పట్టకండి, కుసుమైనా సరే. కిడ్నీ డాక్టరును అడగనిదే వద్దు.

అయిదో మెట్టు: గింజ

తెల్లగా, మెరుస్తూ, చిన్న పొద్దుతిరుగుడు గింజలా ఉంటుంది. పొట్టు గట్టిది, బరువులో పెద్ద వాటా దానిదే. మనదేశపు రకాల్లో నూనె 30 శాతం అటూ ఇటూ. నూనె తీశాక మిగిలిన చెక్క చేదుగా ఉంటుంది, ఆ చేదు మతైరెసినాల్ గ్లూకోసైడ్ అనే పదార్థానిది. దాని పక్కనే ఉండే 2-హైడ్రాక్సీ ఆర్క్టీన్‌కు విరేచనకారి గుణం ఉంది. పాత వైద్యంలో గింజను విరేచనానికి ఇచ్చారంటే అందులో అర్థం ఉందన్నమాట.

గింజలో సెరటోనిన్‌తో (మన మెదడులో మనసు తీరును నడిపే రసాయనం) జతకట్టిన ఫెరులోయిల్ సెరటోనిన్, కుమరోయిల్ సెరటోనిన్ అనే పదార్థాలు కూడా ఉన్నాయి. ప్రయోగశాలలో ఇవి మంచి యాంటీఆక్సిడెంట్లు. పేరులో సెరటోనిన్ ఉందని మనోవ్యాధికి మందనుకోకండి, అలా అమ్మేవాళ్ళు ఉంటారు.

వంటకు వాడాలంటే ఉత్తర కర్ణాటక పద్ధతి బాగుంటుంది. గింజల్ని రాత్రంతా నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి పాలు తీసి, బెల్లంతో తీపి వండుకుంటారు. పొట్టు గుడ్డలోనే మిగిలిపోతుంది. మేతకోసం అమ్మే గింజలు దీనికి వాడకండి, వాటికి పురుగుమందు పట్టించి ఉండొచ్చు.

ఆరో మెట్టు: నూనె కొనేముందు చదవాల్సినవి

కుసుమ నూనె ఒకటి కాదు, రెండు. పాత రకాల నూనెలో లినోలెయిక్ ఆమ్లం (ఒమేగా-6 జాతి కొవ్వు ఆమ్లం) 70 నుంచి 78 శాతం ఉంటుంది. వంట నూనెల్లో ఇంత ఎక్కువున్నది ఇంకొకటి దొరకడం కష్టం. రెండోది హై ఓలెయిక్ రకం, అందులో ఓలెయిక్ ఆమ్లం 75 శాతం చుట్టూ ఉంటుంది, తీరులో ఆలివ్ నూనెకు దగ్గర. రెండింట్లోనూ సంతృప్త కొవ్వు 10 శాతం లోపే, ఒమేగా-3 లేనట్టే. విటమిన్ ఇ మాత్రం బాగుంటుంది, 100 గ్రాముల్లో 34 మిల్లీగ్రాముల వరకు.

లినోలెయిక్ నూనె కొలెస్ట్రాల్ తగ్గిస్తుంది. అంతవరకు నిజమే. అయితే సిడ్నీలో 1966 నుంచి 1973 వరకు ఒక ప్రయోగం జరిగింది. గుండెపోటో, గుండె నొప్పో వచ్చిన 30 నుంచి 59 ఏళ్ళ మగవాళ్ళు 458 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు సంతృప్త కొవ్వు బదులు కుసుమ నూనె, దాంతో చేసిన మార్జరిన్ (వెన్నకు బదులు వాడేది) ఇచ్చారు. మూలన పడిపోయిన ఆ లెక్కల్ని వెతికి తీసి 2013లో మళ్ళీ ప్రచురించారు. కుసుమ నూనె గుంపులో 17.6 శాతం చనిపోతే, మామూలు తిండి గుంపులో చనిపోయింది 11.8 శాతం. కొలెస్ట్రాల్ తగ్గింది, ప్రాణాలు మాత్రం దక్కలేదు. ఒక్క ప్రయోగంతో చెంచాడు నూనెను విషం అననక్కరలేదు. కానీ ఒమేగా-3 లేకుండా ఇంత లినోలెయిక్‌ను రోజూ ధారాళంగా పొయ్యడం మంచిదని నేను మాత్రం చెప్పను.

తమాషా ఏమిటంటే చరక సంహిత సూత్రస్థానం 25వ అధ్యాయంలో అపథ్యమైనవాటి జాబితా ఒకటుంది. మొక్కల నూనెల్లో అన్నిటికంటే అపథ్యమని అక్కడ లెక్కపెట్టింది కుసుంభ తైలాన్నే. దాన్ని సిడ్నీ లెక్కతో ముడేసి "మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు" అనడం నాకు నచ్చదు, చరకుడి కొలతలు వేరు. నువ్వుల నూనెతో పెరిగిన మన ఇళ్ళు మాత్రం కుసుమ నూనె ముందు చిన్నబోనక్కరలేదు.

హై ఓలెయిక్ రకం సంగతి కాస్త మెరుగు. ఓలెయిక్ 70 శాతం దాటిన నూనెల్ని రోజుకు 20 గ్రాముల వరకు, సంతృప్త కొవ్వుకు బదులుగా వాడితే గుండె జబ్బు ముప్పు తగ్గవచ్చని రాసుకోవడానికి అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2018లో అనుమతించింది. ఆధారాలు తిరుగులేనివి కావని అదే నోట చెప్పింది కూడా. "బదులుగా" అన్నది ముఖ్యం, ఉన్నదానిమీద అదనంగా పోసుకుంటే లాభం లేదు.

కొట్టులో ప్యాకెట్ వెనక్కి తిప్పండి. గుండె బొమ్మ ఉన్న ప్యాకెట్లలో కొన్నిటిలో ఎక్కువ వాటా వేరే నూనెది కావచ్చు, కుసుమ కొంతే. మిశ్రమ నూనె అయితే ఏది ఎంత శాతమో రాసి తీరాలి. గానుగ నూనె అయితే గారెలకు, అప్పాలకు పనికిరాదు, తక్కువ వేడికే పొగ చిమ్ముతుంది. వేడి చేయకుండా పచ్చళ్ళకు వాడండి. శుద్ధి చేసిన నూనె ఎక్కువ వేడి తట్టుకుంటుంది, కానీ వేయించిన నూనె మళ్ళీ మళ్ళీ కాచకండి.

చిన్న సీసాలే కొనండి. పది పదిహేను రోజులు వాడాక సీసా మూతి చుట్టూ వేలితో రాయండి, జిగటగా పొర కట్టి ఉంటుంది. లినోలెయిక్ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టుకుని ఒకదానికొకటి అల్లుకుంటే అలా అవుతుంది. ఈ గుణం కోసమే కుసుమ నూనెను రంగుల తయారీలో కూడా వాడతారు. సీసాలోని నూనె పెయింట్ వాసన కొడితే వంటకు అది చచ్చినట్టే. సముద్రపు గాలి, ఎండ తగిలే మన ఊళ్ళలో చీకటి అల్మారాలో, గట్టి మూతతో ఉంచడం తప్పనిసరి.

ఇక "కుసుమ నూనె క్యాప్సూల్, పొట్ట కరుగుతుంది" అని అమ్మేవి చాలావరకు సీఎల్‌ఏ (కాంజుగేటెడ్ లినోలెయిక్ యాసిడ్) మాత్రలు. సీఎల్‌ఏ కుసుమ నూనెలో సహజంగా ఉండేది కాదనే చెప్పాలి, లినోలెయిక్‌ను క్షారంతో మార్చి ఫ్యాక్టరీలో చేస్తారు. డబ్బు దండగ.

ఒంటికి రాసుకోవడానికి మాత్రం పొడిచర్మం ఉన్నవారికి మంచి నూనె. ముందు మోచేతి మడతలో చుక్క రాసి ఒక రోజు చూడండి.

ఏడో మెట్టు: పెరట్లో నాలుగు మొక్కలు

కొన్న రేకల మీద నమ్మకం లేకపోతే పెంచుకోవడమే దారి. మామూలుగా కుసుమను సెప్టెంబరు, అక్టోబరుల్లో విత్తుతారు. మన తీరంలో అది తుఫాన్ల కాలం, హుద్‌హుద్ అయినా తిత్లీ అయినా వచ్చింది అక్టోబరులోనే. కుసుమ కరవును తట్టుకుంటుంది గానీ వేళ్ళ దగ్గర నీళ్ళు నిలిస్తే కుళ్ళిపోతుంది, తేమకు ఆకుమచ్చ తెగులు కమ్ముకుంటుంది. కాబట్టి పెరటి మొక్కలకు నవంబరు మొదటి వారం ఆగడమే నయం. తల్లివేరు లోతుకు దిగుతుంది కనుక కుండీ అయితే లోతైనది తీసుకోండి. గింజను ఒక అంగుళం లోతున పెట్టండి.

ముళ్ళు లేని రకం దొరికితే అది వేసుకోండి, మహారాష్ట్రలోని ఫల్టన్‌లో తయారైన నారీ-6 అలాంటిది. విత్తనాల సంగతి రాజేంద్రనగర్‌లోని భారతీయ నూనెగింజల పరిశోధన సంస్థను అడగవచ్చు. మొదటి నెలంతా మొక్క నేలకు అతుక్కుని ఆకులే వేస్తుంది. ఎదగడం లేదని నీళ్ళు గుమ్మరించకండి. పేనుబంక పడితే సబ్బు కలిపిన వేపనూనె కొట్టండి, మొగ్గ విచ్చాక మాత్రం ఏదీ కొట్టకండి, ఆ రేకలు తాగేది మీరే.

జనవరి చివరికి పూలు వస్తాయి. విచ్చిన రోజే కోయకండి. రెండు మూడు రోజులు ఆగితే పసుపు ఎరుపులోకి తిరిగి రేకలు వాలతాయి. మంచు ఆరకముందే, ముళ్ళు మెత్తగా ఉండే పొద్దుటి వేళ రేకల్ని మాత్రమే లాగండి, తల ముట్టుకోకండి, గింజ అందులోనే కట్టాలి. నీడలో, గుడ్డమీద పల్చగా పరిచి, వేళ్ళమధ్య నలిపితే పొడయ్యేదాకా ఆరబెట్టి గాజుసీసాలో పెట్టి చీకట్లో ఉంచండి. నెల తర్వాత మొక్క మొత్తం గోధుమరంగుకు తిరిగాక తలలు కోసి, గోనెసంచిలో వేసి కర్రతో కొడితే తెల్ల గింజలు రాలతాయి.